శ్రుతి దించి పాడిన సులోచనక్క

ఆ కబురు నాకు మొదట తెచ్చింది పూలమ్మే గంగమ్మ. హిందూపురంలో మా గడప ముందు బుట్ట దించి ఆమె తడిబట్ట విప్పిందంటే చాలు, మరువం వాసన వంటింటి దాకా వచ్చేస్తుంది. ఆ పొద్దున మూర వేస్తూ వేస్తూ చెయ్యి ఆపి, "అమ్మయ్యా, పెనుకొండలో నీకు చదువు చెప్పిన గిటారక్క ఉండాదే, ఆయమ్మ మళ్ళా పాడతాదంట. ఆదివారం ధర్మవరంలో. పాత బ్యాండోళ్ళంతా వస్తాండారు. మైకుసెట్టు మా అల్లునిదే!" అంది. నాకు పట్టలేని సంతోషం కలిగింది. దాని వెనకే భయమూ వచ్చింది. గొంతులో గడ్డ తీసిన తర్వాత సులోచనక్క మాట్లాడటమే బొంగురుగా అయిపోయింది. పాడటం మానేసి ఏళ్ళు గడిచాయి. నిండు సభలో ఆ గొంతు విరిగితే ఎలా? దేవుడి పటం ముందు నిలబడి, "స్వామీ, ఆమెను నవ్వులపాలు చేయవద్దు" అని మాత్రం అడిగాను.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పెనుకొండలో మా పక్కింట్లో ఉండేది. పగలు పోస్టాఫీసులో ఉద్యోగం, సాయంత్రాలు పాట. నల్ల ప్యాంటు వేసుకుని కొప్పులో కనకాంబరాలు పెట్టుకునే మనిషిని నేను ఆమెను తప్ప ఇంకెవరినీ చూడలేదు. నలుగురు కలిసి 'గ్రానైట్' అని ఒక రాక్ బ్యాండు పెట్టుకున్నారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం దాన్ని బండల బ్యాండు అనేవారు. క్యాసెట్లు విని నేర్చుకున్న ఇంగ్లీషు పాటలు పాడేవాళ్ళు. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా గోడ దగ్గర నిలబడి వినేవాళ్ళం. ఆమె గొంతు పైకి లేచినప్పుడు మా నాయన పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేయడం కూడా మరిచిపోయేవాడు.

నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. బడిలో కూర్చున్న రోజులకంటే మంచంలో పడుకున్న రోజులే ఎక్కువ కావడంతో నాయన బడి మాన్పించాడు. ఇంట్లోనే చదువు చెబుతానని సులోచనక్క తనంతట తానే అడిగింది. మా అవ్వ ఒప్పుకోలేదు. "ప్యాంటేసుకోని అరిచే ఆడది మన పిల్లకేం చెప్తాదిరా?" అని నాయనను కసురుకుంది. అవ్వ మాటకు మా ఇంట్లో తిరుగు లేదు.

ఆ ఏడు ఊరి జాతరలో బండల బ్యాండుకూ కాసేపు అవకాశం ఇచ్చారు. డ్రమ్ములు వాయించే బాషన్న, జాతరల్లో ఉరుములనే పెద్ద వాద్యాలు మోగించే వాళ్ళ వీధిలో పెరిగినవాడు. అమ్మవారి ముందు ఉరుములు ఎలా మోగుతాయో, ఆ దెబ్బనే ఇంగ్లీషు పాట కింద వేశాడు. పాట సగంలో ఉండగా మా అవ్వ జుట్టు విరబోసుకుని లేచింది. పూనకం! జనం పక్కకు జరిగారు. పెద్దలు వేదిక వైపు చేతులూపుతూ, "వాయింపు ఆపొద్దబ్బా! హారతి పట్టేదాకా ఆపొద్దు!" అని కేకలు వేశారు. కర్పూరం కోసం మనిషి పరుగెత్తాడు. బాషన్న చెమటలు కక్కుతూ వాయిస్తూనే ఉన్నాడు. పాట అయిపోయింది, సులోచనక్క దగ్గర మాటలూ అయిపోయాయి. ఏం పాడాలో తోచక, పోస్టాఫీసులో సంచుల మీద రోజూ చూసే ఊళ్ళ పేర్లే అదే బాణీలో అందుకుంది. గోరంట్లా, తాడిమర్రీ, ఓబులదేవరచెరువూ... ఆడవాళ్ళందరూ చేతులు జోడించారు. ఏ ఊరి పేరు వస్తే ఆ ఊరి అమ్మవారిని పిలుస్తున్నదనుకున్నారు.

హారతి కళ్ళకద్దుకుని అవ్వ శాంతించింది. మర్నాడు పొద్దున్నే నాయనను పిలిచి, "ఎన్ని ఊర్ల అమ్మలను పిలిచినాదిరా ఆ బిడ్డ! పిల్లకు ఆయమ్మతోనే అక్షరాలు దిద్దించు" అంది. సులోచనక్క మా ఇంటికొచ్చి తలుపు వేసుకుని కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "మీ అవ్వ తప్పుగా ఏమనుకోలేదులే. పాటంటే పిలుపే గదా" అంది.

అలా మొదలైంది నా చదువు. పలక ఒక పక్క, గిటారు ఒక పక్క. నాకు ఆయాసం వస్తే పుస్తకం మూసేసేది. "గాలి లోపలికి లాగాలని కొట్లాడొద్దు పాపా. ముందు మెల్లగా వదులు. నాతోపాటు గుణింతం చెప్పు, ఊపిరి అయిపోయేదాకా చెప్పు" అనేది. క, కా, కి, కీ అంటూ చివరి అక్షరానికి వచ్చేసరికి ఛాతీలో బిగువు సడలేది. మందులు ఎంత మేలు చేశాయో, ఆ గుణింతాలూ అంతే చేశాయి. ఈనాడు నాలుగు వాక్యాలు రాయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. తర్వాత నాకు పెళ్ళయి హిందూపురం వచ్చాను. సులోచనక్కకు బదిలీ అయింది, బ్యాండులో ఎవరి దారి వాళ్ళదైంది.

ఆదివారం మధ్యాహ్నం ధర్మవరంలో కల్యాణమండపం నిండిపోయింది. మగ్గాలు ఆపి వచ్చినవాళ్ళు, చీరల కొట్ల వాళ్ళు, ఒకనాటి జాతర చూసిన తలనెరిసినవాళ్ళు అందరూ ఉన్నారు. వేదిక వెనక సులోచనక్క స్టీలు గ్లాసులో వేడినీళ్ళు తాగుతూ కూర్చుని ఉంది. నల్ల ప్యాంటే, కనకాంబరాలే. జుట్టే తెల్లబడింది.

"పాడగలవా అక్కా?" అన్నాను.

"నీ దేవునికి చెప్పినావా?" అంది బొంగురు గొంతుతో.

"చెప్పినా."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలే."

"అయితే వద్దనలేదు కదా! పో, పోయి ముందర కూర్చో."

గిటారు మొదలైంది. తెలిసిన బాణీయే, కానీ ఎక్కడో లోతు నుంచి వస్తున్నట్టుంది. వెనక నుంచి ఒకాయన, "ఏమప్పా, సౌండు తగ్గిపోయిండాదే!" అని అరిచాడు. సులోచనక్క మైకు దగ్గరకు వచ్చి, "తగ్గింది సౌండు కాదబ్బా, నా గొంతు. నేను పైకి ఎక్కలేను. మీరే కిందికి దిగి రండి" అంది. హాలంతా గొల్లున నవ్వింది. ఆమె కోసం మిగతా ముగ్గురూ పాటలన్నీ శ్రుతి దించి, మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నారని నాకు అప్పుడు అర్థమైంది. బాషన్న తన వంతుగా, "ఎవరికన్నా అమ్మ వచ్చేట్టుంటే ముందే చెప్పండమ్మా, మోకాళ్ళ నొప్పులు, శానాసేపు వాయించలేను!" అన్నాడు. ఆ నవ్వులు ఆగకముందే పాట అందుకున్నారు.

ఒకప్పుడు ఆమె గొంతు ఆకాశానికి లేచే చోటు వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆమె అక్కడికి పోలేదు. అదే మాటను కిందికి, ఇంకా కిందికి తీసుకుపోయి, గరుకుగా, నిదానంగా అక్కడే నిలిపింది. చిన్నప్పుడు విన్న పాట నన్ను ఆశ్చర్యపరిచింది. ఈ పాట నన్ను దగ్గరకు తీసుకుంది. కళ్ళు తెరిచేసరికి జనం లేచి నిలబడి ఉన్నారు. సౌండు తగ్గిందన్న ఆయన కుర్చీ ఎక్కి ఈల వేస్తున్నాడు. నా కళ్ళ నీళ్ళు ఆగలేదు, నవ్వూ ఆగలేదు.

మా వీధి గుడిలో శనివారం భజన చేస్తాం. హార్మోనియం ఎప్పుడూ పై శ్రుతిలోనే మొదలయ్యేది, పెద్ద వయసు ఆడవాళ్ళు ఊరికే పెదవులు కదిపేవారు. ధర్మవరం నుంచి వచ్చిన వారమే, "ఈరోజు కొంచెం కిందికి దించండి" అని అడిగాను. మూలన కూర్చునే కమలమ్మత్త మొదటి చరణం మెల్లగా పాడింది. రెండో చరణానికి గొంతు విప్పింది. "నా గొంతు ఇంకా ఉండాదే!" అంటూ పక్కావిడ తొడ మీద చరిచి నవ్వింది. ఇప్పుడు ప్రతి శనివారమూ అదే శ్రుతి, అందరి గొంతులూ వినబడుతున్నాయి.

చదివే మీకు ఒక్కటే మనవి. పాడటం మానేసినవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, శ్రుతి దించి వాళ్ళ పక్కన కూర్చోండి. వాళ్ళ నోట మొదటి మాట వచ్చినప్పుడు, పెనుకొండ సులోచనక్కను ఒక్కసారి తలచుకోండి.