కోచ్ మేడం ముందు నా వకాల్తా

మా అమ్మాయి మైథిలికి పదకొండేళ్లు. రాష్ట్రం దాటి వచ్చి మేముంటున్న అడాజన్ పేటలో బ్యాడ్మింటన్ నేర్చుకుంటోంది. ఈ రోజు ఉదయం ప్రాక్టీసుకు పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాం. కోచ్ మేడం గడియారం చూసి, "గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు" అంది. ఈ ఘోరం చూడలేక నేను బిడ్డ తరఫున వకాల్తా పుచ్చుకున్నాను.

"మేడం, తప్పు నాది. నేనే లేటుగా లేచాను. పైగా పిల్ల పొద్దున పాలు కూడా సరిగా తాగలేదు" అన్నాను హిందీలో.

"తప్పు మీదైతే మీరే పరుగెత్తండి" అందావిడ, ఏమాత్రం నవ్వకుండా.

మిగతా తల్లిదండ్రులంతా ఫోన్లు పక్కన పెట్టి నన్నే చూస్తున్నారు. పరువు కోసం పరుగెత్తాను. మూడో రౌండుకే పరువు సంగతి మరిచిపోయి గోడ పట్టుకున్నాను. మైథిలి దగ్గరికి వచ్చింది. మంచినీళ్లు ఇస్తుందనుకున్నాను.

"డాడీ, నువ్వు జర పక్కకు కూసో. మిగిలిన ఏడు నేను ఉరుకుత. రేపటి సంది లోపలికి రాకు, గేటు కాడ్నే దింపు" అంది.

ఏడు రౌండ్లూ ఆగకుండా పూర్తి చేసి, చెమట తుడుచుకుంటూ రాకెట్ అందుకుంది. నా వైపు తిరిగి కూడా చూడలేదు.

నాలాగే గేటు దగ్గరికి బదిలీ అయిన తండ్రులెవరైనా ఉంటే చెప్పండి. మోకాళ్లకు ఏం రాసుకుంటున్నారో కూడా చెప్పండి.