శివపార్వతి గారు నెట్టు తొలగించిన వైనం

తిరువూరు చరిత్రను ఎవరైనా సమగ్రంగా రాయబూనితే, విస్సన్నపేట రోడ్డులోని మామిడి అంట్ల నర్సరీలో ప్రతి ఉదయం ఎనిమిది గంటలకు జరిగే ఒక సంభాషణకు ప్రత్యేక అధ్యాయం కేటాయించక తప్పదు. ఆ సంభాషణ పూర్తి పాఠం ఇది:

"వేసుకున్నావా?"

"వేసుకున్నా."

అడిగేది అంకారావు గారు. జవాబిచ్చేది ఆయన భార్య శివపార్వతి గారు. వేసుకున్నది దిగులు జబ్బుకు డాక్టరు రాసిచ్చిన మాత్ర. దాదాపు ఐదేళ్ళపాటు ఈ ప్రశ్నోత్తరాలు ఒక్క రోజు తప్పలేదు. తుపాను రోజునా జరిగాయి, కరెంటు లేని రోజునా జరిగాయి. వినగడపలో మేనల్లుడి పెళ్ళినాడు, సరిగ్గా తాళి కట్టే సమయానికి ఎనిమిదైతే, మేళాల హోరులో సైగలతో జరిగాయి. పక్కింటి వెంకాయమ్మ గారు గోడ గడియారానికి బ్యాటరీ వేయించడం మానేసి, ఈ ప్రశ్న మీదే ఆధారపడి పొయ్యి మీద ఎసరు పెట్టుకునేవారు.

శివపార్వతి గారికి యాభై మూడేళ్ళు. టెంక నుంచి మొలిచిన నాటు మొక్క తల కోసి, దాని మీద మేలురకం కొమ్మను అతికించి టేపు చుట్టడంలో ఆవిడది పేరున్న చెయ్యి. వంద అంట్లు కడితే తొంభై చిగురిస్తాయి. మిగిలిన పదింటినీ ఆవిడ ఊరికే వదిలిపెట్టరు. "నీకేం తక్కువ చేశానే? పక్కదానికి పోసిన నీళ్ళేగా నీకూ పోశాను?" అని ఓ బంగినపల్లి మొక్కను నిలదీస్తుంటే, కొనడానికొచ్చిన రైతులు తమ వంతు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడడం కద్దు.

ఆరేళ్ళ కిందట ఆ తిట్లు ఆగిపోయాయి. ముందు మొక్కల్ని తిట్టడం మానేశారు, తరువాత మొగుణ్ణి. ఆపైన లేవడమే మానేశారు. నలభై రోజులు గోడవైపు తిరిగి పడుకున్నారు. మొదటి పదిరోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉందని అంకారావు గారు సంతోషించారట. ఆ సంగతి ఆయనే చెబుతారు, చెప్పిన ప్రతిసారీ తల దించుకుంటారు. చివరికి బెజవాడలో డాక్టర్ సాయిప్రసన్న గారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ రాసిన మాత్ర కొన్ని వారాలకు పని మొదలుపెట్టింది. రెండో నెలలో ఓ పొద్దున "ఇది కాఫీయా, కుడితి నీళ్ళా?" అని గదిలోంచి కేక వినబడితే, ఆ కాఫీ కలిపిన అంకారావు గారు వంటింట్లో నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. ఎనిమిది గంటల ప్రశ్న పుట్టుక అదీ.

ఆవిడ కోలుకుని నాలుగేళ్ళు దాటాక, "ఇది లేకుండా నేను నేనుగా ఉండగలనా?" అనే సందేహం మొదలైంది. డాక్టర్ని అడగవలసిన ప్రశ్న. ఆవిడ మామిడి తోటను అడిగారు.

మామిడి రైతులకు ఒక పద్ధతి ఉంది. పూతకు ముందు రెండు మూడు నెలలు చెట్టుకు నీళ్ళు ఆపేస్తారు. నీళ్ళు ఆపితేనే పూత. ఈ సూత్రంలో ఆవిడకు తన కేసు కూడా కనిపించింది. కార్తీకమాసంలో తోటకు మోటారు ఆపిన రోజునే మాత్ర కూడా ఆపేశారు. ఎనిమిదింటి సంభాషణ మాత్రం యథావిధిగా నడిచింది. ఐదేళ్ళ రికార్డులో అబద్ధం దొర్లిన వారం అదొక్కటే.

మూడో రోజుకు తల తిరిగింది. నాలుగో రోజు నుంచి చూపు పక్కకు తిప్పినప్పుడల్లా తలలో కరెంటు చురుక్కుమంది. నిద్ర పారిపోయింది. టీవీలో ఎవరో గుత్తొంకాయ వండుతుంటే చూసి ఏడ్చారు. ఆరో రోజున చాకు పట్టుకుని కొమ్మ చెక్కబోతే చెయ్యి వణికింది. మిగతావన్నీ ఓర్చుకున్న మనిషి, ఆ వణుకు చూసి చాకు కింద పెట్టేశారు. ఆ చెయ్యే పోతే ఇక శివపార్వతి ఎవరు?

"ఏవండీ, నేను మాత్ర మానేసి వారమైంది."

"మరి రోజూ వేసుకున్నానన్నావు?"

"మీరు రోజూ అడిగారు కాబట్టి అన్నా."

అంకారావు గారు చెప్పులేసుకుని, బెజవాడ డాక్టర్ దగ్గరికని ఆవిణ్ణి బస్టాండుకు బయలుదేరదీశారు. బస్సు ఎ.కొండూరు దాటాక, "తిరగబెట్టిందంటావా?" అని ఆయన అడిగితే, ఆవిడ కిటికీ అద్దం మూసేశారు.

తిట్లు తినడానికి పూర్తిగా సిద్ధపడి డాక్టర్ గదిలోకి వెళ్ళారు. డాక్టర్ తిట్టలేదు. ఇది శివపార్వతి గారికి కొంత ఆశాభంగం కలిగించింది.

"మానేసిన ఎన్నో రోజున మొదలైందమ్మా?"

"మూడో రోజున."

"మొదట జబ్బు చేసినప్పుడు ఇలా తలలో షాకు కొట్టినట్టు ఉండేదా?"

"లేదమ్మా. అప్పుడసలు ఏమీ ఉండేది కాదు. అదేగా జబ్బు."

"అయితే ఇది చాలావరకు మందు ఉన్నట్టుండి ఆపినందువల్ల వచ్చిన ఇబ్బంది. జబ్బు తిరిగి రావడం మామూలుగా ఇంత త్వరగా, ఇలా ఉండదు. పాత మోతాదు మళ్ళీ మొదలుపెడదాం. మీరు కుదుటపడ్డాక మెల్లగా తగ్గించి చూడొచ్చు. నెలలు పడుతుంది."

"అసలెందుకండీ తగ్గించడం?" అని అంకారావు గారు కుర్చీలోంచి లేచారు. "బాగానే ఉందిగా! బాగున్నదాన్ని ఎందుకు కెలకడం?"

"బాగున్నప్పుడే ఆలోచించాలండీ. కొందరికి ఎప్పటికీ కావాలి, అందులో తప్పేం లేదు. ఈవిడకి వచ్చింది ఒక్కసారే. చూద్దాం. కుదరకపోతే వెనక్కొద్దాం."

శివపార్వతి గారు "అంటే నెట్టు తీసినట్టన్నమాట," అన్నారు.

"ఏ నెట్టమ్మా?"

బయట పదకొండుమంది రోగులు ఎదురుచూస్తుండగా, లోపల మానసిక వైద్యశాస్త్రానికి ఉద్యానశాఖ పాఠం మొదలైంది. అంటు మొక్క పచ్చనెట్టు కింద నీడలో పెరుగుతుంది. రైతుకిచ్చే ముందు దాన్ని ఎండకు అలవాటు చెయ్యాలి. ఒకేసారి బయట పెడితే మధ్యాహ్నానికి ఆకు మాడుతుంది. మొదట పొద్దుటి ఎండ ఓ గంట. నాలుగు రోజులాగి రెండు గంటలు. ఆకు వాడిందా, మళ్ళీ నీడకే. తొందరేం లేదు.

"ముప్ఫై ఏళ్ళుగా మొక్కలకి ఇదే చేస్తున్నానమ్మా," అన్నారావిడ చివర్లో. "నా దగ్గరికొచ్చేసరికి ముదురు చెట్టుకి నీళ్ళు ఆపేసినట్టు ఆపేశాను. బుద్ధి ఎటు పోయిందో."

డాక్టర్ ఫైలు మీద "నెట్టు" అని రాసుకున్నారు. మందు తగ్గించిన పద్నాలుగు నెలలూ ఆ ఫైలులో ఆ మాటే నడిచింది.

ఫిబ్రవరిలో మొదటి తగ్గింపు. ఎంత తగ్గించాలో, ఎప్పుడు తగ్గించాలో అన్నీ డాక్టరే చెప్పారు. కిందికి పోయేకొద్దీ అడుగు ఇంకా చిన్నది చెయ్యాలన్నారు. జూలై, ఆగస్టులు అంట్లు కట్టే రోజులని తెలుసుకుని, ఆ రెండు నెలలూ మందు జోలికి పోవద్దన్నారు. అంకారావు గారికి కూడా ఒక ఉద్యోగం ఇచ్చారు.

"మీరు ఇకనుంచి 'వేసుకున్నావా' అని అడగొద్దు. మందు సంగతి ఆవిడ చూసుకుంటారు. మీరు నిద్ర, తిండి, మాట గమనించి రాయండి. తేడా కనిపిస్తే ఫోన్ చెయ్యండి."

పదవీ బాధ్యతలు స్వీకరించిన రోజే ఆయన రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నారు. ఎనిమిదింటికి నోరు అలవాటుగా తెరుచుకునేది. "వే..." అని, చటుక్కున "వేడి బాగా ఉందివాళ" అనేవారు. ఫిబ్రవరి నెల మొత్తం తిరువూరులో వేడి బాగానే ఉంది.

ఆ నోటుబుక్కు నిష్పాక్షికతకు నిలువెత్తు నిదర్శనం. "మార్చి పదకొండు. ఆరున్నర గంటలు నిద్ర. ఉప్మాలో ఉప్పు ఎక్కువ. పన్నెండు. నామీద విసుక్కుంది. మామూలే. పదమూడు. కలెక్టర్ రకం మామిడి మొక్కల్ని పావుగంట తిట్టింది. చాలా సంతోషం."

మే నెలలో మూడో తగ్గింపు దగ్గర ఆకు వాడింది. ఐదు రోజులు సరిగ్గా నిద్ర లేదు, ఊరికే గుండె దడ. ఆరో రోజు నోటుబుక్కులో ఒకే మాట ఉంది: "తిట్టలేదు." ఆ మాట రాసి ఆయన పెన్ను మూత కూడా పెట్టకుండా ఫోన్ తీశారు. డాక్టర్ మోతాదును ఒక మెట్టు పైకి జరిపి, రెండు నెలలు అక్కడే ఆగమన్నారు.

"ఓడిపోయానంటారా?" అని ఫోన్ లాక్కుని అడిగారు శివపార్వతి గారు.

"నీడకి జరిపిన మొక్క ఓడిపోయినట్టా అమ్మా?"

ఆవిడ ఎదురు చెప్పకుండా ఫోన్ మొగుడికి తిరిగిచ్చేశారు. చాలాకాలానికి ఆ యింట్లో అదో సంఘటన.

జూలైలో చాకు చేతిలోకి తీసుకున్నారు. మొదటి కొమ్మ చెక్కుతున్నప్పుడు అంకారావు గారు ఆవిడ ముఖం చూడలేదు, చేతినే చూశారు. చెయ్యి నిలిచింది. మూడు వారాలు పోయాక టేపుల పైన ఎర్రటి చిగుళ్ళు లేచాయి. చిగురించనివి ఎప్పటిలాగే చీవాట్లు తిన్నాయి.

ఇదంతా గోడ మీంచి గమనిస్తున్న వెంకాయమ్మ గారు స్ఫూర్తి పొందారు.

"అమ్మాయ్, నేను కూడా రేపట్నించి బీపీ మాత్ర తగ్గించేస్తానే. రోజు విడిచి రోజు."

"ఎవర్నడిగి పిన్నీ?"

"నిన్ను చూశాగా!"

"నన్ను చూసింది మీరు. మీ బీపీని చూసేది డాక్టరు. నేనొక్కదాన్నే తెలివి ఉపయోగిస్తే ఏమైందో గుత్తొంకాయ కూరనడగండి. పదండి, చెప్పులేసుకోండి."

వెంకాయమ్మ గారి బీపీ మాత్ర నేటికీ పూర్తి మోతాదులోనే సాగుతోంది. మందు మానడంలో ఇంత పట్టుదల చూపిన మనిషే ఇంకొకరి చేత మందు మాననివ్వకపోవడంలో అంతకు రెట్టింపు చూపడం, శివపార్వతి గారి గొప్పతనాల్లో ముందుగా చెప్పుకోదగ్గది.

వానలు వెనకబట్టాక మళ్ళీ తగ్గింపులు. చలికాలానికి మాత్ర పోయి చుక్కల మందు వచ్చింది, ఎందుకంటే అంత చిన్న మోతాదు మాత్రల్లో దొరకదు. సూదిలేని సిరంజిలోకి ఆవిడ ఆ మందు లాగే తీరు చూస్తే, అంటు కట్టే చెయ్యి ఎందుకు పేరు తెచ్చుకుందో తెలుస్తుంది. ఒక్క గీత ఎక్కువ కాదు, ఒక్క గీత తక్కువ కాదు. మధ్యలో సంక్రాంతికి ఓ మెట్టు దిగాల్సింది, చుట్టాలొస్తున్నారు కాబట్టి వద్దని తనే వాయిదా వేయించుకున్నారు. తొందరపడి దెబ్బతిన్న మనిషి నేర్చుకున్న నిదానం అది. చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

ఏప్రిల్లో చివరి చుక్కలు అయిపోయాయి. ఇంకో ఆరు నెలలు రాకపోకలు సాగాలనీ, ఎప్పుడైనా అవసరమైతే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చనీ డాక్టర్ చెప్పి పంపించారు.

ఆ మర్నాడు ఉదయం. ఆరేళ్ళకు పైగా గడిచిన తరువాత డాక్టరు అనుమతితో మందు లేని మొట్టమొదటి ఎనిమిది గంటల వేళ. వెంకాయమ్మ గారు ఎసరు పెట్టకుండా గోడ దగ్గరే నిలబడ్డారు. అంకారావు గారు ఉతికిన చొక్కా వేసుకుని, కొత్త పెన్ను తీసుకుని, నోటుబుక్కులో తేదీ వేసి కింద గీత గీశారు. శివపార్వతి గారు పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టి, మొక్కలకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళారు.

ఆ తేదీ కింద నోటుబుక్కులో ఉన్నది ఇంతే: "ఏడు గంటలు నిద్ర. ఇడ్లీలు గట్టిగా ఉన్నాయి."