ఎవరడిగినా చెప్పవద్దు

బౌరంపేట్ దగ్గర ఒక గేటెడ్ కాలనీకి నేను నాలుగేళ్లు కాపలా ఉన్నాను. ఆ నాలుగేళ్లలో ముగ్గురు దొంగలను పట్టుకున్నానని మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా చెప్పుకొని తిరిగాను. పట్టుకున్నది ఒక్కణ్ణే. వాడూ దొంగ కాదు, దారి తప్పిన గ్యాస్ బండి మనిషి. ఆ కాలనీ లేచిన నేల ఒకప్పుడు మా ద్రాక్ష తోట అని కూడా చెప్పేవాణ్ణి. తోట మాది కాదు. మా నాయిన అందులో పందిళ్లు కట్టే కూలి.

నా రాత సంగతి మాత్రం అబద్ధం కాదు. ముత్యాలు పేర్చినట్టు ఉంటుంది. గేటు దగ్గర బల్ల మీద పెద్ద రిజిస్టరు ఉండేది. ఎవరు వచ్చినా పేరు, ఫోన్ నంబరు, ఏ ఇంటికి, వచ్చిన వేళ, పోయిన వేళ రాయాలి. వచ్చినవాళ్లు కోడి గీకినట్టు గీకుతుంటే చూడలేక అన్నీ నేనే రాసేవాణ్ణి. అట్ట మీద పూలతీగ గీసి, మధ్యలో నా ఫోన్ నంబరు రాసుకున్నాను. ప్రతి వరసకూ చివర ఒక ఖాళీ గడి ఉండేది. రాత్రి కాపలాకు వచ్చేవాడు, నేను ఒకరికొకరం ఎదురుపడేది తక్కువ. అందుకని ఏదన్నా చెప్పుకోవాలంటే ఆ గడిలో రాసుకునేవాళ్లం. ‘మూడో ఇంటి కుక్క కరుస్తుంది.’ ‘ఏడో ఇంటివాళ్లు ఊళ్లో లేరు, జాగ్రత్త.’ ఆ జాగ్రత్త ఎవరికి ఉపయోగమో మాకు తోచలేదు.

పన్నెండో ఇంట్లో ఉండే లాయరమ్మకు తోచింది. ఒకరోజు కారు ఆపి అద్దం దించింది.

“తాతా, గా రిజిస్టరు ఎప్పుడూ తెరిచే ఉంటది. ఒకరి నంబరు ఇంకొకరికి కనబడొద్దు. కొత్త చట్టం వచ్చింది. పనికొచ్చేంతే రాయాలె, పని అయిపోయినంక తీసెయ్యాలె.”

“అమ్మా, మా ఊళ్ల ఎవరింట్ల ఏం కూరనో వాసన జూసి చెప్పెటోళ్లం. దానికి సుత చట్టం ఉందా?”

ఆమె నవ్వింది. “వాసన గాలికి పోతది తాతా. రాసింది పోదు.”

నేనూ నవ్వాను. రిజిస్టరు మాత్రం మూయలేదు. మూస్తే నా రాత ఎవరు చూస్తారు?

ఆ ఎండాకాలంలోనే ఒకామె వంట పనికి కుదిరింది. ముప్పై ఏళ్లుంటాయి. మెడ మీద పాత గాటు ఒకటి, కొంగుతో కప్పుకునేది. మొదటిరోజే బల్ల మీదికి వంగి మెల్లగా అడిగింది.

“తాతా, నా పేరు వేరే రాస్తవా? మా మొగడు ఎతుకుతుండు. ఈసారి దొరికితే పానంతోని ఇడ్వడు.”

“నువ్వు పరేషాన్ గాకు బిడ్డా. కలెక్టరొచ్చి అడిగినా నా నోట్లెకెళ్లి మాట రాదు,” అన్నాను.

నా నోటి నుంచి నిజంగానే రాలేదు. ఆమె చెప్పిన వేరే పేరే రాశాను. కానీ రాత్రివాడికి తెలియాలి కదా. వాడు తెలియక ఎవరికన్నా చెప్పేస్తే? అందుకని ఎర్ర పెన్ను తీసి, చివరి గడిలో చక్కగా రాశాను: ‘అసలు పేరు వేరు. కీసర వైపు మనిషి. పిండి గిర్ని వెనక గదిలో ఉంటుంది. భర్త గానీ, మరెవరు గానీ అడిగితే చెప్పవద్దు.’ కింద రెండు గీతలు కొట్టాను. ఆ గీతలు చూసుకొని మురిసిపోయాను.

పది రోజులకు, ఎండ దంచుతున్న వేళ, మోటారు సైకిల్ మీద ఒకతను వచ్చాడు. హెల్మెట్ మీద పులి బొమ్మ. నేను అతని కాలర్ పట్టుకొని వెనక్కి తోశానని తర్వాత చాలామందికి చెప్పాను. తోయలేదు. కుర్చీ వేశాను. కుండలో నీళ్లు ముంచి ఇచ్చాను.

“ఇల్లు కిరాయికి ఏమన్న ఉందా పెద్ద సారూ?” అన్నాడు. ఆ ‘పెద్ద సారూ’ అన్న మాటకు నా వెన్ను నిటారైంది. నేను అతని పేరు రాస్తుంటే తొంగి చూశాడు. “అబ్బ, ఏం రాత సారూ! ఇసొంటి రాత ఇప్పుడు ఎవరికున్నది?”

పేజీలు తిప్పి చూపించింది అతను కాదు, నేనే. వెనక్కి, ఇంకా వెనక్కి. ఎర్ర సిరా దగ్గర అతని వేలు ఆగింది. “ఒక ఫోటో కొట్టుకుంటా సారూ. మా పిల్లగాండ్లకు సూపెడ్త, రాత అంటే గిట్లుండాలె అని.” వెలుగు బాగా పడాలని రిజిస్టరు ఎండ వైపు తిప్పి పట్టుకున్నాను. ఫోటో తీసుకొని, ఇల్లు చూడకుండానే పోయాడు.

రెండింటికి ఆమె పని ముగించుకొని వస్తే, ఆ గొప్ప నేనే చెప్పాను.

“హెల్మెట్ మీద పులి బొమ్మ ఉన్నదా తాతా?” అంది.

ఉందన్నాను. రిజిస్టరు తన వైపు లాక్కుంది. వేలు పెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివింది. ‘చెప్పవద్దు’ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

“చెప్పొద్దని రాసినవా తాతా? రాసి బల్ల మీద పెట్టినవా?”

అరవలేదు. అరిస్తే బాగుండేది. గేటు దాటకుండా వెనక్కి తిరిగి, కొత్త ఇళ్లు కడుతున్న చోట గోడ సందులోంచి వెళ్లిపోయింది. పోయిన వేళ గడి ఖాళీగా ఉండిపోయింది.

అప్పుడే గిర్ని దాకా పరుగెత్తానని చెప్పుకున్నాను. డ్యూటీ అయ్యేదాకా కూర్చొని, సాయంత్రం ఆటోలో పోయాను. గదికి తాళం ఉంది. గిర్ని ఆమె పిండి దులుపుకుంటూ చెప్పింది: “ఒక్క సంచి పట్టుకొని ఉరికింది పెద్దాయనా. గంటకల్లా బండి మీద ఇద్దరు మొగోళ్లొచ్చిన్రు. నువ్వేమైతవ్ ఆమెకు?”

ఏమీ కానన్నాను.

పోలీసులకు చెప్పానని అందరితో అన్నది కూడా అబద్ధమే. ఠాణా ఎదుటి హోటల్లో చాయ్ తాగి తిరిగొచ్చాను. కొలువు పోతుందని భయం. లాయరమ్మకూ చెప్పలేదు. ఆమె ఏమంటుందో నాకు తెలుసు.

తర్వాత నెలకోసారి నాకు ఫోన్ రావడం మొదలైంది. అట్ట మీది పూలతీగ మధ్యలో నంబరు నేనే ఇచ్చాను కదా. “పెద్ద సారూ, మంచిగున్నరా? ఆమె మళ్ళ వస్తాందా?” అదే మర్యాద, అదే నెమ్మది. బండబూతులు తిడతానని మనవళ్లకు చెప్పాను. “రాలేదు బాబూ” అని మాత్రమే అంటాను.

అయినా ఆ ఫోన్ కోసమే ఎదురుచూస్తాను. అతను అడుగుతున్నన్నాళ్లూ ఆమె దొరకలేదని అర్థం. కొలువు మానేసి ఇంటికి వచ్చాక కూడా నంబరు మార్చుకోలేదు అందుకే.

పోయిన నెల ఫోన్ రాలేదు. ఈ నెలా ఇప్పటిదాకా రాలేదు.