చెయ్యెత్తిన మేడం

వేములపల్లి పొలాల మీద మంచు కమ్మినప్పుడల్లా, అందులో మా మిర్యాలగూడ కాలేజీ కబడ్డీ మేడం చెయ్యెత్తి నిలబడ్డట్టే ఉంటది నాకు. ప్రాక్టీసుకు అంపైర్‌ను పెట్టేది కాదామె. "తాకింది నీకు తెల్వదా? చెయ్యెత్తి బయటికి నడువు" అనేది.

కోదాడలో, ఆ ఊరి కాలేజీతోనే ఆడిన ఫైనల్లో, చివరి కూతకొచ్చిన వాళ్ల పిల్ల వేలు నా మోచేతికి తగిలింది. అంపైర్ చూడలే. నేను చెయ్యెత్తలే. ఒక్క పాయింటుతో గెలిచినం.

తిరుగు బస్సులో అందరూ పాడుతుంటే, మేడం పక్కన కూర్చొని చెప్పేసిన. ఆమె తిట్టలే. పాడేటోళ్ల చేతుల్లోంచి కప్పు తీసుకొని ఒళ్లో పెట్టుకున్నది.

తెల్లారి గ్రౌండులో అందరి ముందు నేను చెయ్యెత్తబోతే, నాకంటే ముందే ఆమె ఎత్తింది. కప్పు చంకన పెట్టుకొని కోదాడ బస్సెక్కింది.

ఎవరూ పిలవకుండానే, ఒకరి వెనక ఒకరం, పన్నెండు మందిమీ ఎక్కినం.