గొంగడి లేకుండా పదమూడు కిలోమీటర్లు

మొన్న పుష్యమాసంలో పాలమూరులో మా బిడ్డ ఇంటికి పోయి నాలుగు రోజులున్నాను. పొట్ట పెరుగుతున్నదని డాక్టరు భయపెట్టినందుకు మా అల్లుడు ఈమధ్యనే ఒక సైకిలు కొన్నాడు. ఆదివారం తెల్లవారుతుండగా లేచి చూస్తే, దివాను మీద దుకాణం పెట్టినట్టు బట్టలు పరిచి ఉన్నాయి. ఒంటికి అంటుకొని ఉండేది ఒకటి, దాని మీదికి ఒకటి, గాలి ఆపేందుకు ఇంకొకటి, చేతులకు వేరే, చెవులకు వేరే. ఫోను చూసుకుంటూ ఒక్కొక్కటి తొడుగుతున్నాడు, మళ్లీ విప్పుతున్నాడు. సైకిలు తొక్కడానికి ఇంత సింగారమా, మా పెండ్లికి మేము ఇంత తయారు కాలేదు గదా అని నాకు నవ్వొచ్చింది. అంతలో అతను మందపాటి కోటొకటి తీసి పక్కన పడేసి, "ఇంట్ల నుంచి ఎల్లేటప్పుడు జర సలి పెట్టాల్నంట మామా, అప్పుడే బట్టలు సరిపోయినట్టంట. తొక్కుతుంటే ఏడి అదే పుడ్తదంట" అన్నాడు.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ మాట నేను ముప్పై అయిదేండ్ల కింద విన్నాను, నమ్మాను, దానితో బాగుపడ్డాను కూడా. తర్వాత దాన్ని తీసుకుపోయి పెట్టగూడని చోట పెట్టాను. ఈ సంగతి మా బిడ్డకు సైతం ఇంతవరకు చెప్పలేదు.

మాది నారాయణపేటకు పదమూడు కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న ఊరు, నేతపని చేసుకునే ఇల్లు. ఎనభైల చివర్లో నాకు పేటలో సారు ఉద్యోగం దొరికింది. చలికాలం వచ్చిందంటే పదో తరగతి పిల్లలకు పొద్దున ఏడు గంటలకే స్పెషల్ క్లాసులు. మొదటి బస్సు మా ఊరికి ఎనిమిదింటికి గానీ రాదు, అదీ వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. కాబట్టి ఆరు కాకముందే సైకిలెక్కాలి. ఆ గుట్టల నడుమ పుష్యమాసపు చలి ఎట్లుంటుందో మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఊపిరి పొగ లెక్క వచ్చేది, హ్యాండిలు పట్టుకుంటే అరచేతులు తిమ్మిరెక్కేవి. మొదటి వారం నేను ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఒంటి మీద వేసుకొని పోయాను. బనీను, రెండు అంగీలు, నిండు చేతుల స్వెటరు, దాని మీద బాపు పెండ్లినాటి కోటు, తలకు కోతి టోపీ. నాలుగో మైలు దాటేసరికి లోపలంతా చెమట, బడికి పోయి కూర్చున్నాక ఆ చెమట చల్లారి పండ్లు పటపట కొట్టుకున్నాయి. వారం రోజులు జ్వరంతో పడుకున్నాను.

మా ఊరి అడ్డ మీద కిరాయి సైకిళ్ల దుకాణం పెట్టుకున్న చాచా నా వాలకం చూసి పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్వాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు సైకిలు మీద అద్దాలు, గాజులు కట్టుకొని ఆలంపూరు దాకా అమ్ముకుంటూ తిరిగినవాడు. "అరె సారూ, సైకిల్ తొక్కెటోనికి సలి ఎంతసేపుంటది? రెండు మైళ్లు. గా రెండు మైళ్ల కోసం గిన్ని బట్టలేస్కుంటరా ఎవరన్న? వణుక్కుంట ఎక్కు, ఆరాంగ దిగుతవు" అన్నాడు. బనీను మీద ఛాతీకి అడ్డంగా పాత పేపరు పెట్టి దాని పైన అంగీ గుండీలు పెట్టుకోవడం, వేడెక్కితే విప్పుకునేందుకు చేతుల్లేని స్వెటరు వేసుకోవడం, చెవులకు రుమాలు, చేతులకు చిరిగిన మేజోళ్లు, ఇవన్నీ ఆయన చెప్పినవే. గొంగడి మాత్రం సైకిలు మీద అసలే వద్దన్నాడు, చక్రంలో చిక్కుకొని మనిషి పడిపోతాడని. ఆయన చెప్పినట్టు చేశాను, మళ్లీ ఒక్కనాడూ జ్వరం రాలేదు. రెండు చలికాలాలు గడిచేసరికి చలి మీద నాకంటే తెలిసినవాడు మండలంలో లేడన్నంత పొగరు కూడా వచ్చింది. తోటి సార్లకు, పాలవాళ్లకు, అడిగినవాళ్లకు, అడగనివాళ్లకు పాఠం చెప్పేవాణ్ని.

బాపుకు చలి లెక్కలోనిది కాదు. గుంట మగ్గంలో కాళ్లు దింపి కూర్చున్నాడంటే కాళ్లు తొక్కుతూనే ఉండాలి, చేతులు పోగుల నడుమ నాడె విసురుతూనే ఉండాలి. ఇంట్లో మేమంతా కుంపటి చుట్టూ ముడుచుకొని కూర్చున్న పొద్దుల్లో కూడా ఆయన బనీను మీదనే నేసేవాడు, పని చేసే ఒంటికి సలేందిరా అనేవాడు. ఆ ఏడు మాత్రం దసరా నాటి నుంచి ఆయనకు దగ్గు పట్టుకుంది. సంక్రాంతి దగ్గరపడేసరికి జ్వరం కూడా మొదలై, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడి గోడ పట్టుకునేవాడు. ఛాతీ డాక్టరు వారానికొకసారి పేటకు వచ్చేవాడు. ఏడు గంటల లోపల పోయి చీటీ తీసుకోకపోతే ఆ వారం పోయినట్టే. ముందునాడు సాయంత్రం బస్సుకే పోయి ఎవరింట్లోనైనా తల దాచుకోవచ్చు. ఆ తెలివి ఇప్పుడుంది, అప్పుడు లేదు. రోజూ పోయే దోవనే గదా, ఎనక కూర్చోబెట్టుకొని పోతానన్నాను.

ఆ పొద్దున అమ్మ బాపుకు గొంగడి కప్పి, దాని కొసలు నడుముకు చుట్టి బయటికి తీసుకొచ్చింది. గొర్లు కాసే కురుమోళ్ల దగ్గర కొన్న నల్ల గొంగడి, వాన కూడా లోపలికి దిగనంత దిట్టంగా ఉండేది. నేను చూసి కోపం చేశాను. చక్రంలో పడితే ఇద్దరమూ పోతామన్నాను, అంతటితో ఊరుకోక, రెండు మైళ్లు పోతే ఒళ్లు అదే వేడెక్కుతుందని పాఠం కూడా చెప్పాను. అమ్మ ఇంకా ఇడిచిపెట్టలేదు. బాపే ఆమెను ఆపాడు, "వాడు దినాం పొయ్యెటోడు, వానికి తెల్వదా" అన్నాడు, అని తనే గొంగడి విప్పి అమ్మ చేతిలో పెట్టాడు. పేపరు నేనే ఆయన బనీను మీద సర్దాను, అంగీ గుండీలు పెట్టాను, చెవులకు రుమాలు కట్టాను. నా స్వెటరు ఇస్తానంటే, ముందల కూర్చున్న నీకే గాలి కొడుతుంది, నేను నీ ఎనక దాక్కుంటాను గదా అని ఒప్పుకోలేదు. నేనూ బలవంతం చేయలేదు.

మంచు బాగా కురుస్తున్న దినమది. ముందల పది గజాల కంటే ఎక్కువ కనపడలేదు. ఎనక మనిషి ఉన్నందుకు నాకు రోజుటి కంటే ఎక్కువ బలం పట్టింది, మూడో మైలుకే చెమట మొదలైంది. సగం దోవలో వాగు మీది వంతెన దగ్గర ఒక కాలు నేల మీద ఆనించి, స్వెటరు విప్పి హ్యాండిలుకు తగిలించాను. "ఇయ్యాల సలి అంతగనం లేదు గదనే బాపూ" అన్నాను. ఎనక నుంచి "లేదు బిడ్డా" అన్నాడు. గొంతు సన్నగా వినబడింది, దగ్గుతో అనుకున్నాను. నా ఒంట్లోని వేడి చూసి ఆయన ఒంట్లో కూడా అంతే ఉందనుకున్న మూర్ఖుణ్ని నేను! కాళ్లాడించేది నేను, ఆయన కట్టె లెక్క కదలకుండా కూర్చొని ఉన్నాడు. ఆ సంగతి సారు ఉద్యోగం చేసే నాకు తట్టలేదు. పుట్టినప్పటి నుంచి పని చేస్తూ చలిని తోలేసిన బాపుకు కూడా తట్టలేదో, తట్టినా కొడుకు మాట తీసేయడం ఎందుకని ఊరుకున్నాడో తెలియదు.

దవాఖాన ముందర సైకిలు ఆపి దిగమంటే దిగలేదు. తిరిగి చూస్తే పెదవులు నల్లబడి ఉన్నాయి, కండ్లు నా వైపే ఉన్నాయి గానీ నన్ను చూస్తున్నట్టు లేవు. సీటు కింది స్ప్రింగులు పట్టుకున్న ఆయన వేళ్లు బిగుసుకుపోయాయి. ఒక్కొక్క వేలు నేను విప్పి తీయాల్సి వచ్చింది. చీటీ మాత్రం దొరికింది, మూడో నంబరు.

రెండు ఊపిరితిత్తులకూ నెమ్ము చేరిందన్నారు. అయిదో రోజు బాపు పోయాడు. ఆ చలితోనే పోయాడని డాక్టరు అనలేదు, ఛాతీ ముందుగాలనే పాడైందన్నాడు, పాపం నా ముఖం చూసి అట్లా అన్నాడేమో. మూడో నాడు కొంచెం తెలివి వచ్చినప్పుడు బాపు అమ్మతో అన్న మాట ఒక్కటే, "పోరడు మంచిగ తొక్కిండు, యాడ గూడ దింపలే" అని. తిట్టినా బాగుండేది. ఆ మెచ్చుకోలు నేను ఇంతవరకు మింగలేకపోతున్నాను.

అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత పదకొండేండ్లు బతికింది. చలికాలం పొద్దుల్లో నేను సైకిలు బయటికి తీసేసరికి ఆ గొంగడి చేతిలో పట్టుకొని గడపలో నిలబడేది. కప్పుకో అనేది కాదు, నా చేతికి ఇచ్చేదీ కాదు. నేను అడ్డ దాటేదాకా నిలబడి, మళ్లీ లోపలికి తీసుకుపోయేది. ఎందుకమ్మా అని అడిగే ధైర్యం నాకు ఏ పొద్దూ రాలేదు. ఆ గొంగడి ఇప్పుడు నా బీరువాలో ఉంది. ఎంత చలి పెట్టినా నేను కప్పుకోను.

అల్లుడి వెంట గేటు దాకా పోయాను. కొత్త సైకిలు ముద్దుగా ఉంది, బరువు కూడా లేదు. నేను దాని చుట్టూ తిరిగి చూస్తుంటే ఏం దేవులాడుతున్నావు మామా అన్నాడు. క్యారియరు లేదేమని అడిగాను. దీనికి ఉండదు, ఒక్కరే తొక్కేది అన్నాడు. మంచిదే అనుకున్నాను. ఆ రోజులే బాగుండెనని అనేవాణ్ని గాదు నేను. ఇప్పుడు ఫోను చేస్తే ఇంటి ముందరికే బండి వస్తుంది, పానం బాగలేని మనిషిని ఎవరూ మంచులో సైకిలు మీద తీసుకుపోవడం లేదు. తొక్కేవాడు తన చలి తాను చూసుకుంటే సరిపోతుంది. అల్లుడు వణుక్కుంటూ, నవ్వుకుంటూ పోయాడు.

నేను మాత్రం ఈ వయసులో కూడా స్కూటరు మీద ఎవరినైనా ఎక్కించుకుంటే నడిమిట్ల ఆపి, చెయ్యి ఎనక్కి పెట్టి వాళ్ల వేళ్లు పట్టుకొని చూస్తాను. ఎండాకాలం కూడా ఇదేం పిచ్చి అని మా ఇంటామె నవ్వుతుంది. నవ్వనీ. ఆ వంతెన దగ్గర ఒక్కసారి అట్లా చెయ్యి పెట్టి చూసి ఉంటే తెలిసేది. స్వెటరు హ్యాండిలుకే వేలాడుతుండె.