ఫౌజీ హల్వా

క్యాంప్ వన్ బస్తీలో మా పక్కింటి పిన్ని కబాడీ దుకాణం, అదే పాత సామాన్ల కొట్టు, కనబడితే ఆగకుండా ముందుకు పోయేది కాదు. "భయ్యా, ఫౌజీ డబ్బాలేవైనా వచ్చినాయా?" అని అడిగేది. సైన్యం వాళ్ల పాత తిండి డబ్బాలు, మూత తీయనివి, ఆమెకు కావాలి.

ఆమె తమ్ముడు మంచుకొండల్లో సిపాయిగా ఉండి, అక్కడే పోయాడు. ఉన్నన్నాళ్లూ ఫోన్లో అక్కతో, "మాకు డబ్బాలో హల్వా ఇస్తారప్పా, అచ్చం నువ్వు చేసినట్టే ఉంటాది" అనేవాడట. ఆ రుచేమిటో చూసి తీరాలని పిన్ని పట్టు.

తెచ్చిన ప్రతి డబ్బానూ వాకిట్లో కూర్చుని సుత్తితో, ఉలితో మూత కోసి తెరిచేది. చాలావాటిలోంచి కంపు కొట్టేది. పారేసి, చేతులు కడుక్కుని, "ఇది కాదు. ఇంకోటి దొరుకుతాది" అనేది. బాబాయి ఎంత కోప్పడినా మానలేదు.

పోయిన చలికాలం ఒక డబ్బాలో హల్వా చెడకుండా దొరికింది. నేను వద్దంటున్నా చెంచాతో నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించింది.

"ఎలాగుంది పిన్నీ?"

"ఏటీ బాగులేదు. ఇసకలాగుంది. నేను బెంగెట్టుకుంటానని అబద్ధమాడినాడు, ఎదవ."

డబ్బా తీసుకోబోతే నా చెయ్యి తోసేసింది.

"ఉండు. ఆడు తిన్నాడు గదా" అని, అడుగుదాకా గీకి తినేసింది.