బ్రహ్మ మీద నేరం మోపే ఏకాంబరం

ఐరాల దగ్గర గానుగ ఆడించి బెల్లం వండే ఏకాంబరానికి ఒకటే జబ్బు. లోకంలో ఏం జరిగినా అది ముందే రాసి పెట్టి ఉందంటాడు. వాన పడినా అంతే, పడకపోయినా అంతే. పక్కింటి కుక్క కరిచినా అంతే, కరవకుండా వదిలేసినా అంతే. "రాసుండాది లేప్పా" అని పైపంచె దులుపుకొని తన దారిన తాను పోతాడు. బ్రహ్మదేవుడికి ఆ మండలంలో అంత పని పెట్టిన మనిషి ఇంకొకడు లేడు.

ఆయన పుట్టి బుద్ధెరిగి బస్సు కోసం పరుగెత్తలేదు. బస్సు కళ్లముందే కదిలిపోతున్నా "అది మనది కాదు" అని రోడ్డు పక్కన చతికిలబడతాడు. ఊళ్లో చెరకు రైతు చెంగల్రాయుడి కొడుకు పెళ్లికి ఇలాగే బయలుదేరి, గుండిగలు కడుగుతున్న వేళకు చేరుకున్నాడు. అడుగున మిగిలిన సాంబారన్నం తిని, తనకు అంతే రాసి ఉందని చెప్పి, తాంబూలం మాత్రం అడిగి మరీ తీసుకున్నాడు.

ఇంత నమ్మకమున్న మనిషి రోడ్డు దాటేటప్పుడు మాత్రం అటూ ఇటూ పదేపదే చూస్తాడు. కొత్తల్లుడు నరేంద్ర ఒకసారి ఆయన్ను అక్కడే పట్టుకున్నాడు. అంతా రాసే ఉంటే ఈ చూపులెందుకని అడిగాడు.

"నా నుదుట నూరేండ్లు రాసుండాది అల్లుడా. లారీవోడు అది సదువుకోని వస్తాడా?" అన్నాడు ఏకాంబరం.

నరేంద్ర రేణిగుంటలో ఒక గోదాములో సూపర్‌వైజరు. అక్కడ ఒక పెట్టె పగిలితే పగలగొట్టిందెవరో సాయంత్రానికల్లా తేలాల్సిందే. అలాంటివాడికి ఇలాంటి మామ దొరకడం తలవంపులుగా ఉండేది. పెళ్లి పందిట్లో అతని మేనేజరు మర్యాదకు, ఇంత మంచి అల్లుణ్ని ఎలా వెతికి పట్టారని ఏకాంబరాన్ని పలకరించాడు. "మేం ఎతకలేదు సార్. ఇంతకన్నా మంచోడు మాకు రాసిల్లేదు" అన్నాడు ఏకాంబరం, ఎంతో వినయంగా. మేనేజరుకు నవ్వాగక పొలమారింది. పెళ్లికొడుకు దండలోంచి తలెత్తలేకపోయాడు.

గానుగ దగ్గర ఏకాంబరానికి సరిజోడు జోయల్. చెరకు రసం కాగే పెద్ద పెనం కింద పొయ్యిలో పిప్పి ఎగదోసి మంట చూసుకోవడం అతని పని. ఆదివారం చర్చి ముగించుకొని నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చి వాదానికి దిగేవాడు. దేవుడు మనిషికి సొంత బుద్ధి ఇచ్చాడనీ, ఆదాము పండు తినడం ఆదాము తప్పేననీ అతని వాదం. మరి ఆ చెట్టును తీసుకొచ్చి వాడి ఇంటి ముందరే నాటిందెవరని ఏకాంబరం అడిగేవాడు. పాస్టరు గారిని అడిగి చెబుతానని జోయల్ పిప్పి కోసం లేచిపోయేవాడు. ఇద్దరూ తమ పెళ్లిళ్లకు ముందు నుంచీ తగువులాడుతున్నారు, ఒకే గ్లాసులో టీ పంచుకుంటూనే ఉన్నారు.

ఆ ఆదివారం కుప్పయ్య చెరకు ఆడుతోంది. కౌలుకు తీసుకున్న చేలో అది అతని తొలి పంట. తొలి బెల్లంతో గంగమ్మకు పొంగలి పెట్టాలని భార్య పోలేరమ్మ కొత్త కుండకు పసుపు రాసుకొని వచ్చి, గానుగ పక్కనే కాచుకొని కూర్చుంది. భార్య మహితతో కలిసి అత్తారింటికి వచ్చిన నరేంద్ర, పెనం దగ్గర చేరి మామకు బుద్ధి చెప్పడం మొదలుపెట్టాడు. మంట మన చేతిలోది, పాకం మన కంటి ముందుది, ఇందులో బ్రహ్మ ఎక్కడున్నాడని నిలదీశాడు. ఏకాంబరం నవ్వి చెరకు కుప్ప దగ్గరికి నడిచాడు.

పిప్పి అయిపోవడంతో జోయల్ లేచాడు. నురగ దిగి బుడగలు చిన్నవైతే వెంటనే మంట లాగేయమని అల్లుడికి రెండుసార్లు చెప్పి, చేతికి ఇనుపచువ్వ ఇచ్చి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే గోదాము స్నేహితుడు వీడియో కాల్ చేశాడు. నరేంద్రకు ఉత్సాహం పొంగింది. బెల్లం ఎలా వండుతారో చూపిస్తానన్నాడు. తన ముఖమూ పెనమూ రెండూ ఫోనులో పడాలంటే ఒకటే దారి ఉంది. పెనానికి వీపు పెట్టి నిలబడ్డాడు. మనిషి తలుచుకుంటే కానిది లేదని అతను వివరిస్తూండగా, వెనక పాకం ఎర్రబడి, నల్లబడి, పొగ లేచింది.

ఆ రోజు ఊరు ఒక వింత చూసింది. ఏకాంబరం పరుగెత్తాడు. పంచె ఎగ్గట్టి, చెరకు గడల మీదుగా దూకి మరీ వచ్చాడు. అయినా లాభం లేకపోయింది. పెనం నిండా తారులాంటి ముద్ద మిగిలింది.

జనం మూగారు. పోలేరమ్మ ఒడిలోని కుండను గట్టిగా పట్టుకొంది. కుప్పయ్య పెనంలోకి చూసి పక్కకు తిరిగి తలపాగాతో ముఖం తుడుచుకున్నాడు. పొయ్యి దగ్గర ఉన్నదెవరని చెంగల్రాయుడు గద్దించాడు. అప్పుడే నెత్తిన పిప్పి మోపుతో వస్తున్న జోయల్ మీద అందరి చూపూ పడింది. ఇకమీదట వీడు పొయ్యి దగ్గరుంటే తన చెరకు ఈ గానుగకు రాదని చెంగల్రాయుడు తేల్చేశాడు. ఔనన్నట్టు తలలూగాయి. జోయల్ నరేంద్ర వైపు ఒక్కసారి చూశాడు. కొత్తల్లుడి పేరు ఎలా చెబుతాడు? మోపు దించి తల వంచుకున్నాడు.

నరేంద్ర ఫోను జేబులో పెట్టుకున్నాడు. పెట్టె పగిలితే మనిషిని పట్టుకునే సూపర్‌వైజరు తానే. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, అయినా నేనే అని ముందుకు రాలేదు.

ఏకాంబరం మధ్యలోకి వచ్చాడు. ఎవరినీ ఏమీ అనొద్దనీ, ఈ పెనం మాడాలని సృష్టికి ముందే రాసి ఉందనీ ఎత్తుకున్నాడు. కోపమంతా గిర్రున ఆయన మీదికి తిరిగింది. పిచ్చోడన్నారు, బ్రహ్మకు దత్తపుత్రుడన్నారు, ఎవరో నవ్వారు కూడా. ఆయన అన్నిటికీ తలూపుతూ నిలబడ్డాడు.

నరేంద్ర గానుగ వెనక్కి తప్పుకున్నాడు. మామ వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు.

"మామా, నువ్వు చూసినావు గదా?"

"సూసినా."

"మరి రాత అంటివే?"

"నిన్నంటే నువ్వు మళ్లా ఈ ఊరికి రావు. జోయల్నంటే వాని పొయ్యి ఆరిపోతాది. బ్రహ్మనంటే ఆయప్పకేమి, నాలుగు తలకాయలుండాయి, దేనికో ఒకదానికి తగిలించుకుంటాడు."

మంచినీళ్ల చెంబుతో వచ్చిన మహిత ఈ మాట విన్నది. తండ్రి అటు వెళ్లాక మెల్లగా అంది. "చిన్నప్పుడు నేను చేసిన తప్పులన్నీ నాయన దేవుని మీదే ఏసినాడు. పోయినేడు గానుగ మోటారు కాల్చింది మాత్రం తానే అని ఊరంతా తిరిగి చెప్పుకొన్నాడు. తన తప్పు ఇంకొకరికి తగిలితే రాత అనంగా నువ్వెప్పుడన్నా విన్నావా?"

నరేంద్ర ఎప్పుడూ వినలేదు. అప్పటిదాకా చెవులకే పరిమితమైన సిగ్గు ఒళ్లంతా పాకింది. ఆ మనిషి పక్కన నిలబడటానికా తాను ఇన్నాళ్లూ నామోషీ పడింది! నీళ్లు తాగకుండానే చెంబు తిరిగిచ్చేసి పెనం దగ్గరికి నడిచాడు.

"తప్పు జోయల్‌ది కాదు. ఆయన నన్ను చూడమని పోయినాడు. నేను పెనానికి వీపు పెట్టి ఫోనులో మాట్లాడుకుంటా ఉండా" అన్నాడు, అందరికీ వినబడేలా.

నరేంద్ర ఆశగా మామ వైపు చూశాడు. ఆ ఒక్క మాటా అంటే గండం గడుస్తుంది. ఏకాంబరం నోరు తెరిచాడు. అల్లుడి ముఖం ఒకసారి చూసి, మళ్లీ మూసుకున్నాడు. ఆయన పెదవుల మీదికి వచ్చిన బ్రహ్మ మొట్టమొదటిసారి ఉత్త చేతులతో వెనక్కి పోయాడు.

చెంగల్రాయుడు గొంతు సవరించుకొని, జోయల్ నెత్తి మీది పిప్పి దుమ్ము తానే దులిపాడు. పోలేరమ్మ లేచింది. ఇంకొక పెనానికి చాలినంత చెరకు ఉందనీ, పొంగలికి పొద్దు కూడా ఉందనీ చెప్పి, కుండను మళ్లీ నీడలో పెట్టింది. కుప్పయ్య నరేంద్ర దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. అల్లుడు బిక్కచచ్చిపోయి ఆ చెయ్యి పట్టుకోబోయాడు.

"చెయ్యి గాదు సామీ, ఈ పెనం దిగేదాకా ఫోను" అన్నాడు కుప్పయ్య.